ఒక్క రోజు గెలుపు, శీతాకాలమంతా గెలుపు

అందరికీ నమస్కారం.

ఆల్పైన్ స్కీయింగ్, అంటే మంచు కొండల వాలు మీద స్కీలతో వేగంగా దిగే ఆట, ఆ పందేల గురించి మాట్లాడమని పిలిచారు. మీలో చాలామంది వీటిని ఒలింపిక్స్‌లోనే చూసి ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ నాలుగేళ్లకోసారి రెండు వారాలు చూసి ఈ ఆటను అంచనా వేస్తే సగం కథ కూడా చేతికి రాదు. అసలు ఆట ప్రతి ఏడాదీ జరుగుతుంది. అక్టోబరు చివర్లో మొదలై మార్చిలో ముగుస్తుంది. అందుకే ఇవాళ ఒలింపిక్స్ జోలికి పెద్దగా పోను. ఒకే ఒక సీజన్ తీసుకుంటాను, 2022–23. ఒక్క రోజు గెలిచేవాళ్లకూ, శీతాకాలమంతా గెలిచేవాళ్లకూ ఉన్న తేడా అంత బాహాటంగా బయటపడిన సీజన్ ఈ మధ్యకాలంలో మరొకటి నాకు కనబడలేదు.

ముందు లెక్క తెలియాలి. లేకపోతే తర్వాత నేను చెప్పేది గాల్లో మాటల్లా ఉంటుంది. వరల్డ్ కప్ అనగానే మనకు ఏదో ఒక ఊళ్లో జరిగే టోర్నమెంటు, చివర్లో ఫైనల్ మ్యాచ్ గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. వరల్డ్ కప్ అంటే సీజన్ పొడవునా, ఒక్కో వారాంతం ఒక్కో కొండ మీద జరిగే పందేల వరుస. 1967 జనవరిలో మొదలైంది. సెర్జ్ లాంగ్ అనే ఫ్రెంచి పత్రికా విలేకరి బుర్రలో పుట్టిన ఆలోచన ఇది. ఒక్కో పందెంలో మొదటివాళ్లకు 100 పాయింట్లు, రెండోవాళ్లకు 80, తర్వాత 60, 50, 45... అలా దిగుతూ ముప్పయ్యోవాళ్లకు 1 పాయింటు. ముప్పై ఒకటో స్థానంలో వస్తే సున్నా. ఏడాది పొడవునా పెట్టే యూనిట్ టెస్టుల మార్కులన్నీ కూడితే వచ్చే ర్యాంకు లాంటిదనుకోండి. మార్చి చివరికి ఎక్కువ పాయింట్లున్నవాళ్లకు ఓ పెద్ద క్రిస్టల్ గ్లోబు ఇస్తారు. స్లాలమ్, జెయింట్ స్లాలమ్, సూపర్-జీ, డౌన్‌హిల్ అనే నాలుగు విభాగాలకూ విడివిడిగా చిన్న గ్లోబులుంటాయి.

దీనికి పక్కన రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ వస్తాయి. అది వేరే లోకం. అక్కడ పతకాలుంటాయి, పాయింట్లుండవు. అక్కడ గెలిస్తే గ్లోబు లెక్కలో ఒక్క పాయింటు కూడా కలవదు. 2023లో అవి ఫ్రాన్స్‌లోని కూర్షవెల్, మెరిబెల్‌లలో జరిగాయి. నా మాటంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

సరే, విభాగాల సంగతి. స్లాలమ్‌లో గేట్లు, అంటే దారి చూపడానికి పాతిన కర్రలు, దగ్గర దగ్గరగా ఉంటాయి. కర్రల్ని ముంజేతులతో, కాలిపిక్కల ముందు కట్టుకున్న కవచాలతో కొట్టుకుంటూ దిగుతారు. డౌన్‌హిల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొడవాటి స్కీలు, తక్కువ మలుపులు, గంటకు 130, 140 కిలోమీటర్ల వేగం. జెయింట్ స్లాలమ్, సూపర్-జీ ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లలో రెండు పరుగులుంటాయి, రెండు సమయాలూ కలుపుతారు. రెండో పరుగుకు మొదటి ముప్పైమందే వస్తారు, అదీ తలకిందులుగా. ముప్పయ్యో స్థానంలో ఉన్నవాళ్లు ముందు దిగుతారు, మొదటి స్థానంలో ఉన్నవాళ్లు అందరికంటే చివర. ఈ నియమం టీవీ కోసం పెట్టినట్టుంటుంది కానీ, దీనివల్ల పైన నిలబడి ఎదురుచూసే మనిషికి ఎంత టెన్షనో ఆలోచించండి. కింద అందరూ తమ పని ముగించుకుని, ఊపిరి పీల్చుకుని, స్క్రీన్ వైపు చూస్తుంటారు. మీరొక్కరే కొండ మీద మిగిలి ఉంటారు.

ఇంకో విషయం చెప్పకుండా ముందుకు పోలేను. ఇది టీవీలో సరిగ్గా చూపించరు. స్లాలమ్, జెయింట్ స్లాలమ్, సూపర్-జీ ట్రాక్‌ల మీద ముందుగా ప్రాక్టీసు ఉండదు. పందెం రోజు పొద్దున కోచ్‌లలో ఒకరు గేట్లు పాతుతారు. పోటీదారులకు కాసేపు ఇన్‌స్పెక్షన్‌కు సమయమిస్తారు. స్కీలు అడ్డంగా పెట్టుకుని, పక్కకు జారుతూ, మెల్లగా దిగాలి. ఒక్కో గేటు దగ్గర ఆగి, పైకి చూసి, కిందికి చూసి, వాలు ఎటు తిరుగుతోందో, ఏ గేటు కింద గొయ్యి ఉందో బట్టీ పట్టాలి. తర్వాత స్టార్ట్ దగ్గర వాళ్లను చూడండి. కళ్లు మూసుకుని, అరచేతిని నిలువుగా పెట్టి, గాల్లో చేపలా ఇటూ అటూ తిప్పుతుంటారు. పక్కనెవరున్నారో పట్టదు. మొత్తం ట్రాక్‌ను మనసులో ఒకసారి దిగుతున్నారన్నమాట. ఆ చెయ్యి తిరిగే వేగం కూడా దాదాపు అసలు పరుగు వేగమే. నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చే దృశ్యం అదే, పరుగు కంటే కూడా.

ఆ దిగే వాలు మెత్తటి మంచు అనుకుంటాం కదా, అదీ భ్రమే. మెత్తటి మంచైతే మొదటి పదిమంది దిగేసరికి గాడులు పడి, ఇరవయ్యోవాళ్లకు న్యాయం జరగదు. అందుకని చిల్లులున్న పైపులతో నీళ్లను మంచు లోపలికి ఎక్కించి గడ్డకట్టిస్తారు. పైకి తెల్లగా కనిపిస్తుంది, కాలు పెడితే గాజు పలక. ఆ గాజు మీద స్కీ అంచు పదును ఒక్కటే ఆధారం. పోటీదారులకు కావలసింది అలాంటి వాలే. మంచు మెత్తబడిందంటే వాళ్ల మొహాలు మాడిపోతాయి.

ఇక సీజన్‌లోకి వద్దాం.

ఆ ఏడాది మొదలే బాగాలేదు. ఆస్ట్రియాలో సోల్డెన్ అనే ఊరు, అక్కడి హిమానీనదం మీద అక్టోబరు చివర్లో తొలి పందేలు. అక్టోబరు 22న ఆడవాళ్ల జెయింట్ స్లాలమ్ వానా మంచూ కలిసి కురవడంతో రద్దయింది. మర్నాడు మగవాళ్ల పందెం జరిగింది, స్విట్జర్లాండ్ కుర్రాడు మార్కో ఒడర్మాట్ గెలిచాడు. ఆ తర్వాత జెర్మాట్, చెర్వీనియాల మధ్య ఓ కొత్త ప్రయోగం పెట్టుకున్నారు. మ్యాటర్‌హార్న్ కొండ దగ్గర స్విట్జర్లాండ్‌లో మొదలై ఇటలీలో ముగిసే డౌన్‌హిల్. ఒక దేశంలో బయల్దేరి ఇంకో దేశంలో గీత దాటడం, వినడానికి ఎంత బాగుందో చూడండి. మంచు లేక మగవాళ్లవీ ఆడవాళ్లవీ అన్నీ రద్దు. నవంబరులో ఆస్ట్రియాలోని లెక్‌లో జరగాల్సిన పందేలూ మంచు లేకే పోయాయి. ఆడవాళ్ల సీజన్ నిజంగా మొదలయ్యేసరికి నవంబరు 19 వచ్చింది, అదీ ఫిన్లాండ్ ఉత్తరాన, ఆర్కిటిక్ వృత్తానికి అవతల ఉన్న లెవీలో. ఆ ఫిబ్రవరిలో వందకు పైగా క్రీడాకారులు వాతావరణ మార్పు గురించి తమ అంతర్జాతీయ సమాఖ్యకు బహిరంగ లేఖ రాశారంటే ఊరికే రాయలేదు. వాళ్ల పని జరిగే చోటే కరిగిపోతోంది.

లెవీలో గెలిచినవాళ్లకు ఓ రెయిండీర్‌ను ఇస్తారు, దానికి పేరు పెట్టే హక్కు గెలిచినవాళ్లదే. (నవ్వులు.) నిజమే చెబుతున్నాను. అక్కడ వరుసగా రెండు రోజులు రెండు స్లాలమ్‌లూ అమెరికాకు చెందిన మికేలా షిఫ్రిన్ గెలిచింది. అప్పటికి ఆమె వరల్డ్ కప్ విజయాలు 76. ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే చేరుకోవాల్సిన అంకె 86. స్వీడన్‌లో టార్నబీ అనే మారుమూల పల్లె నుంచి వచ్చిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 1974 డిసెంబరు నుంచి 1989 ఫిబ్రవరి దాకా 86 పందేలు గెలిచాడు. అన్నీ స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లే. చాలా ఏళ్లు ఎవరూ ఆ అంకె దరిదాపులకు రాలేదు. అమెరికాకే చెందిన లిండ్సే వాన్ 82 దాకా వచ్చి, మోకాళ్లు సహకరించక 2019లో అప్పటికి ఆగిపోయింది. స్టెన్‌మార్క్ గురించి ఓ చిత్రమైన విషయం. 1978–79లో ఆయన ఒకే సీజన్‌లో 13 పందేలు గెలిచాడు. అయినా పెద్ద గ్లోబు స్విట్జర్లాండ్‌కు చెందిన పీటర్ లూషర్‌కు పోయింది. ఒక్కో విభాగంలో లెక్కకు తీసుకునే పాయింట్లకు అప్పట్లో పరిమితి ఉండేది, డౌన్‌హిల్ జోలికి పోని స్టెన్‌మార్క్ దానికి బలయ్యాడు. అంటే సీజన్ లెక్క కూడా మనిషి రాసుకున్న నియమమే, ఆకాశం నుంచి ఊడిపడ్డ న్యాయం కాదు. గ్లోబును నేను ఎంత పొగిడినా ఈ మాట మాత్రం మరిచిపోను.

షిఫ్రిన్ ఆ శీతాకాలం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. అంతకుముందు ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్. ఆమె జెయింట్ స్లాలమ్‌లో మొదటి పరుగులోనే ట్రాక్ తప్పింది. స్లాలమ్‌లోనూ అంతే, నాలుగైదు గేట్లు దాటీ దాటకముందే. ఒక డౌన్‌హిల్ పరుగూ ఒక స్లాలమ్ పరుగూ కలిపి చూసే కంబైన్డ్‌లోనూ పూర్తి చేయలేదు. వ్యక్తిగత పతకం ఒక్కటీ రాలేదు. వాలు పక్కన మంచు మీద మోకాళ్లు ముడుచుకుని తల దించుకుని కూర్చున్న ఆమెను ప్రపంచమంతా చూసింది, అరే, ఈవిడ పని అయిపోయిందని తీర్పు కూడా చెప్పేసింది. ఆ తీర్పు చెప్పినవాళ్లు ఒక విషయం పట్టించుకోలేదు. అదే ఏడాది మార్చిలో సీజన్ ముగిసేసరికి పెద్ద గ్లోబు ఆమె చేతిలోనే ఉంది.

డిసెంబరులో సెయింట్ మోరిట్జ్. ఇక్కడ షిఫ్రిన్‌ను కాసేపు పక్కన పెట్టి ఇటలీకి చెందిన సోఫియా గోజా గురించి చెబుతాను. డౌన్‌హిల్‌లో ఆవిడకు భయమంటే ఏమిటో తెలియదని అంటారు, నాకైతే తెలిసీ లెక్క చేయదని అనిపిస్తుంది. డిసెంబరు 16 శుక్రవారం డౌన్‌హిల్‌లో వేగంగా దిగుతూ ఎడమ చెయ్యి గేటుకు తగిలింది. చేతిలో రెండు ఎముకలు విరిగాయి. ఆ విరిగిన చేత్తోనే కిందికి వచ్చి రెండో స్థానం సంపాదించింది. అక్కడి నుంచి మిలాన్ వెళ్లి, సర్జరీ చేయించుకుని, రాత్రికి మళ్లీ కొండల్లోకి వచ్చేసింది. శనివారం అదే వాలు మీద ఇంకో డౌన్‌హిల్. ఆమె దిగింది, గెలిచింది.

ఇందులో నన్ను ఆపేసేది ధైర్యం కాదు, స్టార్ట్ దగ్గరి సంగతి. డౌన్‌హిల్‌లో బయల్దేరే క్షణంలో చేతిలోని రెండు కర్రల్నీ ముందుకు పాతి, వాటి మీద బరువంతా వేసి శరీరాన్ని ముందుకు విసరాలి. మోకాలి కింది భాగం తగిలి స్టార్ట్ దగ్గరి చిన్న కడ్డీ తెరుచుకుంటేనే గడియారం మొదలవుతుంది. కాబట్టి ఒళ్లు ముందు పోవాలి, కాళ్లు ఆఖరున రావాలి. ఆ బరువంతా పడేది చేతుల మీదే. ముందు రోజు ఆపరేషనైన చేయి! ఇలాంటి పని చేయమని నేను ఎవరికీ చెప్పను, మెచ్చుకోవడానికి కూడా కొంచెం భయమేస్తుంది. కానీ ఆ సీజన్ డౌన్‌హిల్ గ్లోబు ఆమెదే, ఆ శనివారం నాటి వంద పాయింట్లూ అందులో ఉన్నాయి.

క్రిస్మస్ తర్వాత ఆస్ట్రియాలోని సెమ్మరింగ్‌లో మూడు రోజులు మూడు పందేలు. మూడూ షిఫ్రిన్‌వే. జనవరి 4న జాగ్రెబ్‌లో ఒకటి. 8న స్లొవేనియాలోని క్రాన్‌స్కా గోరాలో ఒకటి, డిసెంబరులో సెయింట్ మోరిట్జ్‌లో గెలిచిన సూపర్-జీతో కలిపి 82, లిండ్సే వాన్‌తో సమానం. 24న ఇటలీలో క్రోన్‌ప్లాట్స్ దగ్గర 83, ఆడవాళ్లలో ఇంక ఆమెదే రికార్డు. మర్నాడే 84. 28న చెక్ దేశంలో ష్పిండ్లెరూవ్ మ్లీన్‌లో 85. ఆ మర్నాడు అక్కడే ఇంకో స్లాలమ్ ఉంది, అది కూడా గెలిస్తే స్టెన్‌మార్క్‌తో సమానం. మొదటి పరుగులో ముందున్నది కూడా ఆమే. చివరికి జర్మనీకి చెందిన లెనా డ్యూర్ సెకనులో ఆరు వందోవంతుల తేడాతో గెలిచింది. ప్రేక్షకులంతా షిఫ్రిన్ కోసం వచ్చారు, డ్యూర్‌కు మాత్రం స్లాలమ్ వరల్డ్ కప్‌లో అది తొలి విజయం. రికార్డుల వేటలో మనం మరిచిపోయేది ఇలాంటి మనుషుల్నే.

మగవాళ్ల వైపు జనవరి అంటే వెంగెన్, కిట్స్‌బ్యూల్. వెంగెన్ ట్రాక్ నాలుగున్నర కిలోమీటర్లు, వరల్డ్ కప్‌లో అన్నిటికంటే పొడవు. నార్వేకు చెందిన అలెక్సాండర్ ఆమోట్ కిల్డే అక్కడ సూపర్-జీ, డౌన్‌హిల్ రెండూ గెలిచాడు. కిల్డే అంటే షిఫ్రిన్ స్నేహితుడు, 2024లో ఇద్దరికీ నిశ్చితార్థం అయింది. ఆ రోజుల్లో ఇద్దరూ వేర్వేరు కొండల మీద ఉంటూ ఒకరి పందేలు ఒకరు ఫోన్లో చూసుకునేవారు.

కిట్స్‌బ్యూల్ వేరే. అక్కడి ట్రాక్ పేరు స్ట్రైఫ్. పొడవు 3,312 మీటర్లు, స్టార్ట్‌కు, ఫినిష్‌కు ఎత్తులో 860 మీటర్ల తేడా. బయల్దేరిన కొన్ని సెకన్లకే మౌజ్‌ఫాలె అనే చోటుంది, అక్కడ వాలు 85 శాతం. అక్కడ మనిషి నేల మీద ఉండడు, గాల్లో ఉంటాడు. శుక్రవారం పందెంలో ఒడర్మాట్ దాదాపు పక్కనున్న రక్షణ వలలోకి పోబోయి ఎలాగో నిలదొక్కుకున్నాడు, మోకాలు దెబ్బతింది. శనివారం దిగలేదు. ఆ శనివారం కిల్డే కూడా ఓ చోట పడబోయి, ఎలా లేచాడో తెలియకుండా లేచి, గెలిచాడు. రెండో స్థానం ఎవరిదనుకుంటున్నారు? ఫ్రాన్స్‌కు చెందిన యోహాన్ క్లారే. వయసు 42. వరల్డ్ కప్‌లో అంత వయసులో పోడియం, అంటే మొదటి ముగ్గురు నిలబడే వేదిక, ఎక్కినవాళ్లు అంతకుముందు లేరు. ఆ మనిషి కెరీర్ మొత్తంలో ఒక్క వరల్డ్ కప్ పందెం కూడా గెలవలేదు. అలాంటివాడు నలభై రెండేళ్లకు ఆ ట్రాక్ మీద దిగడానికి ఏం ఆశ ఉంటుందో, ఆయనే చెప్పాలి.

ఒడర్మాట్ మాత్రం తర్వాతి వారాంతానికే తిరిగొచ్చి కోర్టీనాలో రెండు సూపర్-జీలూ గెలిచాడు. మోకాలు బాగైందో, బాగైనట్టు నటించాడో!

ఇక ఫిబ్రవరి. ఇక్కడే నేను చెప్పదలచుకున్నది బయటపడుతుంది. వరల్డ్ ఛాంపియన్‌షిప్స్‌లో ఎవరు గెలిచారో చూడండి. మగవాళ్ల సూపర్-జీ బంగారం కెనడాకు చెందిన జేమ్స్ క్రాఫర్డ్‌ది. అప్పటికి అతనికి వరల్డ్ కప్‌లో ఒక్క విజయమూ లేదు. ఓడింది కిల్డే, తేడా 0.01 సెకను. ఈ అంకెను ఊరికే వినేసి వదిలేయకండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనులో వందోవంతు అంటే దాదాపు 28 సెంటీమీటర్లు. స్కూల్లో వాడే స్కేలంత కూడా లేదు. పైగా ఇద్దరూ పక్కపక్కన పరుగెత్తినవాళ్లు కాదు, వేర్వేరు నిమిషాల్లో ఒంటరిగా దిగినవాళ్లు. ఆ స్కేలు ఎక్కడ పోయిందో కిల్డేకు ఎప్పటికీ తెలియదు. ఏ మలుపులోనో కాస్త వెడల్పుగా తిరిగాడేమో, ఎక్కడో చెయ్యి గాలికి తెరుచుకుందేమో.

ఆడవాళ్ల డౌన్‌హిల్ స్విట్జర్లాండ్‌కు చెందిన యాస్మీన్ ఫ్లూరి గెలిచింది. వరల్డ్ కప్ డౌన్‌హిల్‌లో అప్పటికి ఆమెకు విజయం లేదు. 0.04 తేడాతో రెండోది ఆస్ట్రియా అమ్మాయి నీనా ఓర్ట్‌లీబ్, 1992 ఒలింపిక్ డౌన్‌హిల్ విజేత పాట్రిక్ ఓర్ట్‌లీబ్ కూతురు. మగవాళ్ల డౌన్‌హిల్ బంగారం ఒడర్మాట్‌ది. ఆశ్చర్యమేంటంటే, ప్రపంచమంతా భయపడే ఒడర్మాట్ కూడా అప్పటిదాకా ఒక్క వరల్డ్ కప్ డౌన్‌హిల్ గెలవలేదు. ఎన్నోసార్లు రెండో స్థానం, మూడో స్థానం, అంతే. మొదటిది గెలిచేసరికి 2024 జనవరి వచ్చింది. ముందు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, తర్వాత మామూలు పందెం గెలిచాడు! మగవాళ్ల స్లాలమ్‌లో నార్వేకు చెందిన హెన్రిక్ క్రిస్టోఫర్సన్ మొదటి పరుగులో 16వ స్థానంలో ఉండి, రెండో పరుగుతో బంగారం కొట్టాడు. వెండి గ్రీసు తరఫున ఎ.జె. గినిస్‌కు దక్కింది. ఏథెన్స్‌లో పుట్టి, అమెరికా జట్టులో చోటు పోగొట్టుకుని, మోకాళ్లకు ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేయించుకున్న మనిషి అతను. గ్రీసుకు స్కీయింగ్‌లో ప్రపంచ పతకం అంటే, ఆ రోజు దాకా ఎవరైనా నవ్వేవారు.

ఇక షిఫ్రిన్. కంబైన్డ్‌లో ఫినిష్ గీత కనిపించే దూరంలో గేటు తప్పింది. మళ్లీ బీజింగేనా అని అందరూ గుసగుసలాడారు. సూపర్-జీలో ఇటలీ అమ్మాయి మార్తా బస్సీనో వెనక 0.11 తేడాతో వెండి. ఆ పోటీల మధ్యలోనే ఏళ్ల తరబడి ఆమెతో పనిచేసిన కోచ్ వెళ్లిపోయాడు. దాని మీద ఎవరేమన్నారన్నది ఇక్కడ మనకక్కరలేదు. అంత గొడవలో జెయింట్ స్లాలమ్ బంగారం గెలిచింది. ఫిబ్రవరి 18న స్లాలమ్, ఆమె సొంతిల్లు లాంటి విభాగం. మొదటి పరుగు తర్వాత ఆమే ముందుంది. కెనడాకు చెందిన లారెన్స్ సాన్-జెర్మాన్ అర సెకనుకు పైగా వెనక, మూడో స్థానంలో ఉంది. సాన్-జెర్మాన్ జీవితంలో ఒక్కసారి కూడా వరల్డ్ కప్ పోడియం ఎక్కలేదు. మొదటి స్థానం సంగతి సరే, మూడో స్థానమూ లేదు. రెండో పరుగు ముగిసేసరికి ఆమె అర సెకనుకు పైగా ముందుంది. షిఫ్రిన్‌కు వెండి.

ఇప్పుడు మీరడగొచ్చు, మరి గొప్ప స్లాలమ్ స్కీయర్ ఎవరని. ఆ రోజు సాన్-జెర్మానే. అందులో మొహమాటం అక్కరలేదు, ఆ పరుగు నిజంగా అద్భుతం, అదృష్టం అనే మాట వాడితే ఆమెకు అన్యాయం చేసినట్టే. కానీ ఆ రోజును ఒక్కదాన్నే పట్టుకుని చూస్తే షిఫ్రిన్ ఎవరో మీకు తెలియదు. బీజింగ్‌ను పట్టుకుని చూసినా తెలియదు. మార్చి దాకా ఆగాలి. నా వరకు నేను పతకం కంటే గ్లోబుకే ఎక్కువ విలువిస్తాను. లెవీ చీకట్లో, సెమ్మరింగ్ రాత్రి దీపాల కింద, జనవరి వానల్లో, ఒళ్లు బాగున్నా లేకున్నా, వారం వారం దిగి, పూర్తి చేసి, పాయింట్లు మూటగట్టుకోవడం ఉంది చూశారూ, అది ఒక రోజు మెరుపు కంటే కష్టం. దీంతో ఒప్పుకోనివాళ్లు కూడా చాలామందే ఉన్నారు. పోటీదారుల్ని అడిగితే సగం మంది ఒలింపిక్ బంగారమే కావాలంటారు. జనం గుర్తుపెట్టుకునేది దాన్నే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం.

మార్చి మొదట్లో నార్వేలోని క్విట్‌ఫ్యెల్‌లో షిఫ్రిన్ పెద్ద గ్లోబు ఖాయం చేసుకుంది, అది ఐదోది. అక్కడి నుంచి స్వీడన్‌లోని ఓరె. స్టెన్‌మార్క్ దేశం. 2012 డిసెంబరులో, పదిహేడేళ్ల వయసులో, ఆమె తొలి వరల్డ్ కప్ విజయం సాధించింది కూడా ఓరెలోనే. మార్చి 10న జెయింట్ స్లాలమ్ గెలిచింది, 86. మర్నాడు స్లాలమ్. మొదటి పరుగులోనే అందరినీ దూరం చేసేసింది. రెండో పరుగులో చివరగా దిగి, 0.92 సెకన్ల తేడాతో గెలిచింది. అంత దగ్గరికొచ్చిన రికార్డు కోసం ఎవరైనా జాగ్రత్తగా దిగుతారు కదా, ఆమె దిగలేదు. కింద అన్న ఎదురుచూస్తున్నాడు, వస్తాడని ఆమెకు తెలియదు. 2011 మార్చి 11న ఆమె మొట్టమొదటి వరల్డ్ కప్ పందెంలో దిగింది. సరిగ్గా పన్నెండేళ్లు. రెండు రోజులకు ఆమెకు 28 నిండాయి. స్టెన్‌మార్క్ అయితే ఆమె తనకంటే చాలా మెరుగని అంతకుముందే చెప్పేశాడు.

ఆ పక్కన పోడియం మీద ఉన్న ఇద్దరిని కూడా చూడండి. రెండోది వెండీ హోల్డెనర్, మూడోది ఆనా స్వెన్ లార్సన్. ఏళ్ల తరబడి స్లాలమ్ పోడియాలెక్కుతూ ఒక్కసారీ గెలవని ఇద్దరు. ఆ నవంబరులోనే అమెరికాలోని కిల్లింగ్టన్‌లో ఇద్దరూ వందోవంతు కూడా తేడా లేకుండా సమానంగా వచ్చి, ఒకే రోజు ఇద్దరూ తమ తొలి స్లాలమ్ విజయం అందుకున్నారు. ఇలాంటి కథ రాస్తే సంపాదకుడు నమ్మబుద్ధి కావడం లేదని వెనక్కి పంపుతాడు.

చివరి పందేలు అండోరాలోని సోల్డెయులో. ఒడర్మాట్‌కు పెద్ద గ్లోబు అప్పటికే ఖాయమైంది, మిగిలింది ఒక్కటే. 1999–2000లో ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ మైయర్ సరిగ్గా 2,000 పాయింట్లు సాధించాడు, మగవాళ్లలో అదే రికార్డు. సూపర్-జీ గెలిచాక ఒడర్మాట్ దగ్గర 1,942 ఉన్నాయి. చివరి జెయింట్ స్లాలమ్‌లో మూడో స్థానం వచ్చినా చాలు, రెండు పాయింట్లు ఎక్కువే. అతను మూడో స్థానం కోసం చూడలేదు. రెండు సెకన్లకు పైగా తేడాతో గెలిచాడు. వందోవంతుల్లో తేల్చుకునే ఆటలో రెండు సెకన్లంటే కింద నిలబడినవాళ్లకు గడియారం చెడిపోయిందేమో అనిపించాలి. మొత్తం 2,042. ఆ సీజన్‌లో 13 విజయాలు, స్టెన్‌మార్క్ 1978–79 లెక్కతో సమానం, ఈసారి గ్లోబుతో సహా. స్లాలమ్‌లో దిగకుండానే ఇదంతా.

షిఫ్రిన్ అక్కడ 88వది గెలిచింది, సీజన్ మొత్తం 2,206 పాయింట్లు. ఆడవాళ్లలో రికార్డు మాత్రం ఇప్పటికీ స్లొవేనియాకు చెందిన టీనా మాజెది, 2012–13లో 2,414. అది ఎవరైనా దాటుతారా అంటే నాకు నమ్మకం తక్కువ.

ఆఖరుగా మగవాళ్ల స్లాలమ్ గ్లోబు గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను. అది నార్వే కుర్రాడు లూకాస్ బ్రాటెన్‌కు దక్కింది. ఇరవై రెండేళ్లు, గోళ్లకు రంగులు, మంచి హుషారు. అక్టోబరు వచ్చింది, కొత్త సీజన్ మళ్లీ సోల్డెన్‌లో మొదలవబోతోంది. పందేలకు ముందు రోజు అతను పత్రికలవాళ్లను పిలిచి, ఆడనని చెప్పేశాడు. తన దేశ సమాఖ్యతో ఇమేజ్ హక్కుల మీద గొడవ. గ్లోబు చేతికి వచ్చి ఏడు నెలలే అయింది. కొన్ని నెలలకు తిరిగొచ్చాడు, కానీ నార్వే జెర్సీలో కాదు, వాళ్లమ్మ దేశమైన బ్రెజిల్ తరఫున. బ్రెజిల్ జెండాతో స్లాలమ్ స్టార్ట్ దగ్గర అతను నిలబడతాడని 2023 మార్చిలో మీరు అక్కడ ఎవరికి చెప్పినా నమ్మేవారు కాదు.

టైమ్ దాటిపోయిందని వెనక నుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి, స్కీలకు వాడే మైనం దగ్గర్నుంచి నియమాల దాకా ఏదైనా సరే.